క్లిప్‌లెస్ పెడలు

క్లిప్‌లెస్ పెడలు అనగా సైకిలు తొక్కేవారి బూటు అడుగున బిగించిన ఒక చిన్న బిళ్ళను స్ప్రింగు సహాయంతో పట్టి ఉంచే పెడలు. ఈ బిళ్ళను క్లీటు అంటారు. పాదాన్ని ముందుకు జరిపి క్రిందికి నొక్కినప్పుడు క్లీటు పెడలులో ఇరుక్కొంటుంది. మడమను ప్రక్కకు త్రిప్పినప్పుడు ఊడి వస్తుంది. పందెపు సైకిళ్ళలోను, కొండ దారులలో తొక్కే సైకిళ్ళలోను, దూర ప్రయాణాలకు వాడే సైకిళ్ళలోను ఇవి ఎక్కువగా కనిపిస్తాయి. సాధారణ పెడలు అలవాటైనవారు వీటికి మారాలంటే సైకిలు ఆపే పద్ధతిని మరల మొదటి నుండి నేర్చుకోవలసి ఉంటుంది. ఈ వ్యాసంలో పెడలు నిర్మాణంతో పాటు దానిని నేర్చుకొనే విధానాన్ని, ఖమ్మం - భద్రాచలం అటవీ ప్రాంతపు రోడ్లపై దాని వాడుకలో ఎదురయ్యే విషయాలను వివరించడం జరిగినది.

పేరు

పేరులో "క్లిప్పు లేని" అనే అర్థం ఉన్నా, నిజానికి కాలిని గట్టిగా పట్టుకొనే పెడలు ఇదే. అందువలన ఈ పేరు విన్నవారు తికమక పడడం సహజం. దీనికి ముందు పందెపు సైకిళ్ళకు టో క్లిప్పులు ఉండేవి. పెడలు ముందు భాగాన బూటు ముక్కును కప్పుతూ ఒక లోహపు పంజరం, దాని చుట్టూ తోలు పట్టీ ఉండేవి. పట్టీని బిగిస్తే కాలు కదలదు. క్రిందకు దిగాలంటే ముందుగా వంగి చేతితో పట్టీని వదులు చేయాలి. ఈ టో క్లిప్పు అవసరం లేకుండా కాలిని పట్టే పెడలు వచ్చినప్పుడు దానిని "క్లిప్పు లేని పెడలు" అన్నారు. టో క్లిప్పులు వాడుక నుండి చాలావరకు తొలగిపోయినా పేరు మాత్రం నిలిచిపోయింది.

చరిత్ర

కాలిని పెడలుకు తగిలించే ఆలోచన చాలా పాతది. అమెరికాలోని రోడ్ ఐలాండ్‌కు చెందిన చార్లెస్ హాన్సన్ 1895లోనే త్రిప్పి తగిలించి, త్రిప్పి విడిపించే పెడలును రూపొందించాడు. అది వాడుకలోకి రాలేదు. ఆ తరువాత దాదాపు మూడు వంతుల శతాబ్దం పాటు టో క్లిప్పులదే రాజ్యం. 1970 దశకం మొదట్లో ఇటలీకి చెందిన చినెల్లి సంస్థ ఎం-71 అనే పెడలును తయారు చేసింది. ఇందులో కాలు బయటకు రావాలంటే పెడలు ప్రక్కనున్న మీటను చేతితో జరపాలి. ఆపదలో చేయి అక్కడికి చేరే లోపుగానే మనిషి నేల మీద ఉంటాడు. దీనికి "మృత్యు క్లీట్లు" అనే ఎగతాళి పేరు వచ్చిందంటే ఆశ్చర్యపడనక్కరలేదు.

అసలైన మలుపు మంచు మీద జారే క్రీడ నుండి వచ్చింది. ఫ్రాన్సులోని లుక్ సంస్థ అప్పటికే స్కీయింగు బూట్లను స్కీ పలకలకు తగిలించే బిగింపులు తయారు చేస్తుండేది. స్కీయింగు చేసేవాడు పడినప్పుడు కాలు మెలిపడి విరగకుండా ఆ బిగింపు తనంతట తానే ఊడిపోవాలి. ఇదే సూత్రాన్ని ఆ సంస్థ 1984లో సైకిలు పెడలుకు అన్వయించింది. 1985లో బెర్నార్డ్ హీనో ఈ పెడళ్ళతోనే తన ఐదవ టూర్ డి ఫ్రాన్స్ విజయాన్ని సాధించడంతో కొద్ది సంవత్సరాలలోనే పందెగాళ్ళలో చాలామంది వీటికి మారారు.

లుక్ క్లీటు పెద్దది. బూటు అడుగు నుండి బయటకు పొడుచుకొని ఉండడం వలన దానితో నడవడం కష్టం. జపానుకు చెందిన షిమానో సంస్థ 1990లో ఎస్.పి.డి. అనే చిన్న లోహపు క్లీటును ప్రవేశపెట్టింది. ఇది బూటు అడుగున ఉన్న గుంటలో ఇమిడిపోతుంది కనుక మామూలు బూటు వలె నడవవచ్చును. కొండ దారులలో సైకిలు మోసుకొని నడవవలసిన వారికి ఇది వరమయింది. తరువాతి కాలంలో స్పీడ్‌ప్లే, టైమ్, క్రాంక్ బ్రదర్స్ వంటి సంస్థలు వేరు వేరు రూపాలలో పెడళ్ళను తెచ్చాయి. ఒక సంస్థ క్లీటు సాధారణంగా మరొక సంస్థ పెడలులో పట్టదు. కొనేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

నిర్మాణం

పెడలు ముందు భాగంలో కదలని కొక్కెము, వెనుక భాగంలో స్ప్రింగుతో కదిలే దవడ ఉంటాయి. క్లీటు ముక్కు ముందుగా కొక్కెములోకి వెళ్తుంది. పాదం నొక్కగానే వెనుక దవడ వెనక్కు జరిగి, మరల ముందుకు వచ్చి క్లీటు తోకను పట్టుకొంటుంది. అప్పుడు "టక్" మని శబ్దం వస్తుంది. మడమను బయటి వైపుకు త్రిప్పినప్పుడు క్లీటు అంచు దవడను వెనక్కు నెట్టి బయటపడుతుంది. కాలిని నేరుగా పైకి లాగితే మాత్రం రాదు, రాకూడదు కూడా. పైకి లాగినప్పుడు ఊడిపోయే పెడలు ఎత్తు ఎక్కేటప్పుడు ప్రమాదకరం.

స్ప్రింగు బిగువును ఒక చిన్న మర ద్వారా తగ్గించవచ్చును లేదా పెంచవచ్చును. చాలా పెడళ్ళలో దీనికి ఎల్ ఆకారపు అలెన్ కీ సరిపోతుంది. క్రొత్తగా నేర్చుకొనేవారు రెండు పెడళ్ళలోను బిగువును అతి తక్కువకు పెట్టుకోవాలి. క్రొత్త పెడలు దుకాణం నుండి ఎంత బిగువుతో వస్తే అంతే సరి అనుకొని తొక్కడం వలన చాలామంది అనవసరంగా పడుతుంటారు.

క్లీటు పట్టిన తరువాత కూడా పాదం కొన్ని డిగ్రీల మేర అటూ ఇటూ కదలగలగడాన్ని ఫ్లోట్ అంటారు. మోకాలి ఆరోగ్యానికి ఇది ముఖ్యం. మనుషుల కాళ్ళు ఒకే తీరుగా ఉండవు. కొందరి పాదాలు బయటకు, కొందరివి లోపలికి తిరిగి ఉంటాయి. పాదం కదలకుండా ఒకే కోణంలో కట్టివేస్తే ఆ మెలిక భారం మోకాలి మీద పడుతుంది. షిమానో వారి రోడ్డు క్లీట్లలో ఎరుపు రంగుది అసలు కదలనివ్వదు, నీలం 2 డిగ్రీలు, పసుపు 6 డిగ్రీలు కదలనిస్తుంది. లుక్ కియో క్లీట్లలో నలుపు కదలనిది, బూడిద రంగు 4.5 డిగ్రీలు, ఎరుపు 9 డిగ్రీలు. అనగా ఎరుపు రంగుకు ఒక సంస్థలో ఉన్న అర్థం మరొక సంస్థలో సరిగ్గా తలక్రిందులు.

పెడలును క్రాంకుకు బిగించే మర విషయంలో ఒక విశేషం కలదు. కుడి పెడలుకు మామూలు మర, ఎడమ పెడలుకు ఎడమ మర ఉంటాయి. తొక్కుతున్నప్పుడు పెడలు తనంతట తాను వదులై ఊడిపోకుండా ఈ ఏర్పాటు చేశారు. కనుక ఎడమ పెడలును ఊడదీయడానికి మామూలు మర త్రిప్పినట్లు త్రిప్పితే అది మరింత బిగుసుకొంటుంది. మర పాడై క్రాంకు మార్చవలసిన స్థితి కూడా రావచ్చును. స్పానరును పైవైపు ఉంచి సైకిలు వెనుక చక్రం వైపుకు త్రిప్పితే ఇరుప్రక్కల పెడళ్ళూ ఊడతాయని గుర్తు పెట్టుకోవడం సులువు. పెద్దల సైకిళ్ళలో ఈ మర వ్యాసం సాధారణంగా 9/16 అంగుళాలు ఉంటుంది. బిగించే ముందు మరకు కొద్దిగా గ్రీజు పూయాలి.

తెలుగు పల్లెలలో సైకిలు నేర్చుకొనే తీరు

తెలుగు నాట ఒక తరం వారు సైకిలు నేర్చుకొన్న తీరును ఇక్కడ చెప్పడం అవసరం. ఎందుకంటే క్లిప్‌లెస్ పెడలుతో ఎదురయ్యే చిక్కు అక్కడి నుండే మొదలవుతుంది. పిల్లల సైకిళ్ళు అరుదైన రోజులలో ఇంట్లో ఉన్న పెద్ద సైకిలే దిక్కు. లేదా గంట లెక్కన అద్దెకు తెచ్చుకొన్నది. సీటు అందని పిల్లలు సైకిలు కడ్డీల మధ్యనున్న త్రికోణంలో నుండి కుడి కాలిని అవతలకు దూర్చి, ఒంటిని ఒక ప్రక్కకు వంచి తొక్కేవారు. దీనిని కొన్ని చోట్ల దొంగ తొక్కుడు అంటారు. ఈ పద్ధతిలో పెడలు పూర్తిగా తిరగదు, సగం తిరిగి వెనక్కు వస్తుంది. తరువాతి మెట్టు కడ్డీ మీద, ఆ పైన సీటు మీద.

ఈ దశలన్నిటిలోను పిల్లవాడి ఒంట్లో ఇంకిపోయే పాఠం ఒకటే: తూలినప్పుడు కాలు నేలకు ఆనించాలి. ఆలోచించకుండానే కాలు నేరుగా పెడలు మీద నుండి లేచి క్రిందకు దిగుతుంది. ఏళ్ళ తరబడి ప్రాణాన్ని కాపాడిన ఈ అలవాటే క్లిప్‌లెస్ పెడలు మీద పడదోస్తుంది. కాలు పైకి లేవదు, మనిషి సైకిలుతో సహా ప్రక్కకు ఒరిగిపోతాడు. సాధారణంగా ఇది సైకిలు పూర్తిగా ఆగిన తరువాత, ఏ వేగమూ లేనప్పుడు జరుగుతుంది. చూసేవారికి నవ్వు వస్తుంది. కాని చేయి చాపి పడినవారికి మణికట్టు, జత్రుక ఎముక విరగడం సాధారణంగా కనిపించే గాయాలు.

నేర్చుకొనే విధానం

మొదటి సాధన సైకిలు కదలకుండా జరగాలి. గోడ ప్రక్కన లేదా చెట్టు ప్రక్కన సైకిలు నిలిపి, ఒక చేతితో ఆనుకొని సీటు మీద కూర్చోవాలి. ఒక్కొక్క కాలినే తగిలించడం, విడిపించడం చేయాలి. తగిలించేటప్పుడు పెడలును చూడకుండా పాదంతోనే వెతకడం అలవాటు చేసుకోవాలి. బూటు ముక్కును కొద్దిగా క్రిందికి వంచి, కొక్కెము తగలగానే మడమతో నొక్కితే సరిపోతుంది. విడిపించేటప్పుడు పెడలు బాగా క్రిందకు వచ్చి కాలు దాదాపు చాపిన స్థితిలో ఉంటే మడమ సులువుగా తిరుగుతుంది. పెడలు పైన ఉండి మోకాలు ముడుచుకొన్నప్పుడు అదే పని కష్టం. కొన్ని పదుల సార్లు చేసిన తరువాత కాలు తనంతట తానే మెలి తిరగడం మొదలవుతుంది. అంతకు ముందు రోడ్డు మీదకు వెళ్ళడం తొందరపాటు.

రెండవ సాధనకు మెత్తని నేల ఉన్న ఖాళీ మైదానం కావాలి. సెలవు రోజున పాఠశాల ఆట స్థలం దీనికి బాగుంటుంది. ఖమ్మం జిల్లాలోని నల్లరేగడి నేలలు వేసవిలో నెర్రెలు విచ్చుతాయి. వాటిలో చక్రం ఇరుక్కొంటుంది. వేసవిలో బయటపడే గోదావరి ఇసుక మెత్తనిదే అయినా సన్నని చక్రాలు దానిలో దిగబడతాయి. పచ్చిక గల గట్టి ఎర్ర నేల మేలు. ఇక్కడ కుడి కాలిని మాత్రమే తగిలించి, ఎడమ కాలిని పెడలు మీద ఊరికే ఉంచి కొంత దూరం తొక్కాలి. తరువాత రెండవ కాలు. చివరకు రెండూ తగిలించి ఆగడం, మరల బయలుదేరడం సాధన చేయాలి.

ఆగే క్రమమే మొత్తం విద్యలో కీలకం. ఆగవలసిన చోటుకు కొన్ని మీటర్ల ముందుగానే, సైకిలు ఇంకా కదులుతుండగానే ఎడమ కాలిని విడిపించాలి. విడిపించిన కాలిని పెడలు మీద నుండి కొద్దిగా ప్రక్కకు జరిపి ఉంచకపోతే అది మరల తగులుకొనే అవకాశం ఉన్నది. బ్రేకు వేసి ఆగుతూ ఎడమ వైపుకు ఒరగాలి. చాలామంది కాలు విడిపించిన తరువాత కూడా పడడానికి కారణం, హ్యాండిల్ కుడి వైపుకు తిరిగి ఒంటి బరువు ఇంకా తగిలి ఉన్న కాలి వైపుకు పోవడమే. చిన్న గేరులో ఆగడం కూడా ముందే అలవాటు చేసుకోవాలి. పెద్ద గేరులో ఆగితే మరల బయలుదేరేటప్పుడు మొదటి తొక్కు భారమై, రెండవ కాలు తగిలించే లోపు సైకిలు తూలుతుంది.

ఎడమ కాలినే ఎందుకు విడిపించాలి అనే ప్రశ్నకు సమాధానం రోడ్డులో ఉన్నది. భారతదేశంలో వాహనాలు ఎడమ వైపున నడుస్తాయి. సైకిలు రోడ్డు ఎడమ అంచున ఉంటుంది. ఎడమ కాలు దిగితే మనిషి రోడ్డు అంచు వైపుకు ఒరుగుతాడు, పొరపాటున పడినా మట్టి మీద పడతాడు. కుడి వైపుకు పడితే వెనుక నుండి వస్తున్న లారీ దారిలో పడతాడు. కుడి వాహనాల దేశాలలో తయారైన శిక్షణ పుస్తకాలు, వీడియోలు కుడి కాలును విడిపించమని చెప్పడం కద్దు. వాటిని చూసి నేర్చుకొనేవారు ఈ ఒక్క విషయాన్ని తప్పక మార్చుకోవాలి. గొలుసు, పళ్ళచక్రం కుడి ప్రక్కన ఉంటాయి కనుక ఎడమ కాలు దించితే ప్యాంటుకు గ్రీజు అంటకపోవడం మరొక చిన్న లాభం.

ఎంత సాధన చేసినా ఒకటి రెండు సార్లు పడడం మామూలే. పడుతున్నామని తెలిసినప్పుడు హ్యాండిల్ వదలి చేయి చాపడం కంటే, హ్యాండిల్‌ను పట్టుకొనే ఉండి భుజం, తుంటి ప్రక్కలతో నేలను తాకడం మేలని అనుభవజ్ఞులు చెబుతారు. మైదానంలో సాధనకు కూడా హెల్మెట్ తప్పనిసరి.

క్లీటు అమరిక

క్లీటును పాదంలో బొటనవేలి మూలపు ఎముక క్రిందకు లేదా దానికి కొద్దిగా వెనుకకు వచ్చేలా బిగించడం వాడుక. మరీ ముందుకు బిగిస్తే పిక్క కండరాలు, మడమ వెనుక నరం అలసిపోతాయి. కోణం తప్పితే కొద్ది రోజులలోనే మోకాలి ప్రక్కన నొప్పి మొదలవుతుంది. నొప్పిని ఓర్చుకొని తొక్కడం వలన అది తగ్గదు. క్లీటును కొద్ది కొద్దిగా త్రిప్పి సరిచేసుకోవాలి. సరియైన స్థానం దొరికిన తరువాత దాని చుట్టూ బూటు అడుగున పెన్నుతో గీత గీసి ఉంచుకొంటే క్రొత్త క్లీటు బిగించేటప్పుడు ఉపయోగపడుతుంది.

ఖమ్మం - భద్రాచలం అటవీ ప్రాంతంలో

ఖమ్మం నుండి భద్రాచలం దాదాపు 120 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్విభజనలో కొత్తగూడెం, పాల్వంచ, భద్రాచలం ప్రాంతాలు ఖమ్మం జిల్లా నుండి విడిపోయి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాగా ఏర్పడ్డాయి. పూర్వం ఖమ్మం జిల్లాలోనే ఉన్న కూనవరం, చింతూరు, వేలేరుపాడు తదితర మండలాలు పోలవరం ప్రాజెక్టు కారణంగా 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. కొత్తగూడెం, పాల్వంచల మీదుగా వచ్చే 30వ నెంబరు జాతీయ రహదారి సారపాక వద్ద గోదావరిని దాటి భద్రాచలం చేరుతుంది. అక్కడి నుండి చింతూరు మీదుగా ఛత్తీస్‌గఢ్‌లోని కుంట, సుక్మా, జగదల్‌పూర్ వైపు సాగుతుంది. ఇరుప్రక్కల టేకు, మద్ది, తునికి, ఇప్ప చెట్ల అడవి, కోయ గూడేలు కనిపిస్తాయి.

రైలులో సైకిలు తెచ్చుకొనేవారికి ఒక హెచ్చరిక. "భద్రాచలం రోడ్" అనే పేరు గల రైల్వే స్టేషను భద్రాచలంలో లేదు, కొత్తగూడెంలో ఉన్నది. అక్కడి నుండి భద్రాచలానికి ఇంకా సుమారు 40 కిలోమీటర్లు తొక్కాలి.

ఈ రోడ్డు మీద క్లిప్‌లెస్ పెడలుతో తొక్కేవారికి అసలు పరీక్ష ఎత్తుపల్లాలు కావు, ఆకస్మికంగా ఆగవలసి రావడం. కొత్తగూడెం ప్రాంతం సింగరేణి బొగ్గు గనులకు, పాల్వంచ విద్యుత్ కేంద్రానికి, సారపాక కాగితపు మిల్లుకు పేరుపొందినది కనుక బరువు లారీల రాకపోకలు ఎక్కువ. లారీ దాటిపోయే గాలి తాకిడికి సైకిలు తూలుతుంది. తారు అంచు దిగి మట్టిలోకి తప్పుకోవలసి వచ్చినప్పుడు తారుకు, మట్టికి మధ్య ఎత్తు తేడా ఉంటే చక్రం అక్కడే ఆగుతుంది. ఇటువంటి చోటు కనిపించగానే ముందుగా ఎడమ కాలు విడిపించి ఉంచడం మంచిది. సాయంత్రం వేళ గూడేలకు తిరిగి వచ్చే పశువుల మందలు, గ్రామాల ముందుండే స్పీడు బ్రేకర్లు, అటవీ శాఖ తనిఖీ కేంద్రాల అడ్డుకర్రల వద్ద కూడా ఇదే నియమం. శ్రీరామనవమి ముందు రోజులలో భద్రాచలానికి కాలినడకన వెళ్ళే భక్తులు రోడ్డు అంచునే నడుస్తారు. ఆ రోజులలో సైకిలు వేగం తగ్గించక తప్పదు.

జాతీయ రహదారి విడిచి అడవి లోపలి మట్టి దారులలోకి వెళ్ళినప్పుడు సమస్య మారుతుంది. వానాకాలంలో ఇక్కడి ఎర్రమట్టి బంక వలె బూటు అడుగున అంటుకొంటుంది. వాగు దాటడానికి ఒకసారి దిగి నడిస్తే చాలు, క్లీటు గుంట మట్టితోను, చిన్న రాళ్ళతోను నిండిపోతుంది. అప్పుడు కాలు పెడలులో పట్టదు. అంతకంటే చెడ్డ విషయం, సగం మాత్రమే పట్టి, విడిపించవలసినప్పుడు రాకపోవడం. మరల ఎక్కే ముందు బూటును పెడలు అంచుకు రెండు మూడు సార్లు కొట్టి, ఒక పుల్లతో మట్టిని గీకి వేయాలి. ఎక్కువగా మట్టిలో తొక్కేవారికి నాలుగు వైపులా తెరచి ఉండే ఎగ్‌బీటర్ రకం పెడలు అనుకూలం. దానిలో మట్టి నిలవదు. రోడ్డు పందెాలకు వాడే పెద్ద ప్లాస్టిక్ క్లీట్లు ఈ దారులకు పనికిరావు. కంకర మీద కొద్ది దూరం నడవగానే అరిగిపోతాయి, తడి బండ మీద జారుతాయి.

చింతూరు నుండి మారేడుమిల్లి వైపు వెళ్ళే ఘాట్ రోడ్డును క్రొత్తగా ఈ పెడలు బిగించినవారు మొదటి ప్రయాణానికి ఎంచుకోరాదు. ఎత్తు ఎక్కుతూ వేగం నడక కంటే తగ్గినప్పుడు, మలుపులో ఎదురు బస్సు వస్తే, కాలు విడిపించడానికి దొరికే సమయం బహు స్వల్పం. పడినవారికి ఎముక విరిగితే ఆసుపత్రి కూడా దగ్గరలో ఉండదు. ఇటువంటి చోట్లకు ఒంటరిగా పోకపోవడం మేలు.

ఉపయోగము, విమర్శ

క్లిప్‌లెస్ పెడలు వాడితే కాలిని పైకి లాగడం ద్వారా కూడా బలం వస్తుందని చాలాకాలం ప్రచారం జరిగింది. ఇది పూర్తిగా నిజం కాదు. 2007లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, కావాలని పెడలును పైకి లాగుతూ తొక్కినప్పుడు ఒకే పనికి శరీరం ఖర్చు చేసే శక్తి తగ్గకపోగా పెరిగినట్లు తేలింది. వీటి అసలు ఉపయోగం వేరు: గతుకులలోను, వేగంగా తొక్కేటప్పుడును పాదం జారదు, గంటల తరబడి ఒకే స్థానంలో ఉంటుంది. అందుకే దూర ప్రయాణం చేసేవారు వీటిని ఇష్టపడతారు. 200 కిలోమీటర్లను 13 గంటల 30 నిమిషాలలో, 600 కిలోమీటర్లను 40 గంటలలో పూర్తి చేయవలసిన బ్రెవే అనే ప్రయాణాలు హైదరాబాదు నుండి కూడా జరుగుతుంటాయి. వాటిలో పాల్గొనేవారిలో క్లిప్‌లెస్ పెడళ్ళు వాడేవారు, మామూలు పెడళ్ళతోనే పూర్తి చేసేవారు ఇరువురూ ఉన్నారు.

బడికి, పొలానికి, సంతకు సైకిలు మీద వెళ్ళేవారికి ఈ పెడళ్ళ అవసరం లేదనే చెప్పవచ్చును. చెప్పులతో లేదా వట్టి కాళ్ళతో తొక్కగలగడం, ఎక్కడ పడితే అక్కడ దిగగలగడం మామూలు రబ్బరు పెడలుకు ఉన్న గొప్ప సౌకర్యం. రెండు రకాలకూ పనికివచ్చేలా ఒక వైపు క్లిప్‌లెస్ బిగింపు, మరొక వైపు చదునైన పలక ఉన్న పెడళ్ళు కూడా దొరుకుతాయి. ఊరిలో చదును వైపు, రహదారి మీద బిగింపు వైపు వాడుకొనే వీలున్నందున నేర్చుకొనేవారికి ఇవి అనువైనవి.

నిర్వహణ

క్లీటు అరిగినప్పుడు రెండు లక్షణాలు కనిపిస్తాయి. కాలు అనుకోకుండా ఊడిపోవడం ఒకటి, కొన్ని రకాలలో విడిపించడం కష్టం కావడం రెండవది. ఏది కనిపించినా క్లీటు మార్చాలి. క్లీటు మరలు వదులైతే మరింత ప్రమాదం: మడమ త్రిప్పినప్పుడు క్లీటు పెడలులోనే ఉండిపోయి బూటు మాత్రం తిరుగుతుంది, కాలు బయటకు రాదు. దీనిని ప్రయాణం ముందు చేతితో కదిపి చూసి తెలుసుకోవచ్చును. వానలో తడిసిన మరలు తుప్పు పట్టి బిగుసుకొనిపోకుండా బిగించే ముందే గ్రీజు పూయాలి. పెడలు దవడల మధ్య చేరిన దుమ్మును పాత పళ్ళ బ్రష్షుతో తుడిచి, స్ప్రింగుకు ఒకటి రెండు చుక్కల నూనె వేస్తే చాలును. నూనె ఎక్కువైతే ఆ ఎర్ర దుమ్ము అంతా అక్కడే పేరుకొంటుంది.